పిట్టగోడ మీది దీపపు కుంది

జయలక్ష్మి వదినకు నమస్కారాలు. ఇక్కడ అమ్మాయి ఇంట్లో అందరం క్షేమం.

డ్రెస్డెన్ పక్కనున్న వీళ్ళ ఊరు చాలా చిన్నది. ఒక రొట్టెల దుకాణం, గంటకొక బస్సు. ఆదివారం ఊరంతా నిశ్శబ్దం, గట్టిగా దగ్గాలన్నా మొహమాటమే. అక్కర్లేని వస్తువును ఇంటి ముందు పిట్టగోడ మీద పెడితే, కావలసినవారు పట్టుకెళ్తారు. అది తెలియక, మీరిచ్చిన ఇత్తడి కుందులు చింతపండుతో తోమి ఆ గోడ మీదే ఎండబెట్టాను. ఒకటి మాయమైంది. నాకు అన్నం సయించలేదు.

నిన్న పక్కింటి ముసలావిడ హెల్గా గారు కాఫీకి పిలిచారు. వెళ్ళి చూద్దును కదా, బల్ల మీద మన కుంది, అందులో ఉడికించిన కోడిగుడ్డు! నాతో వచ్చిన మనవరాలు ఈషా జర్మన్‌లో గడగడా ఏదో చెప్పేసింది.

"ఏమన్నావే?"

"అది ఎగ్ కప్ కాదు, మా అమ్మమ్మ గాడ్‌ది అని చెప్పా."

పాపం ఆవిడ ముఖం ఎర్రబడింది. గుడ్డు తీసి, కుంది కడిగి తుడిచి నా చేతికిచ్చింది. వెలిగిస్తే చూస్తానని సాయంత్రం వచ్చి, చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడింది. కాదనలేక వెలిగించేశాను.

గుడ్డు పెట్టిన కుంది దేవుడి ముందు పనికొస్తుందా అని గుడి పంతులుగారిని అడగండి. మన ఇంటి సంగతని చెప్పకండి. ఎవరైనా ఇటు వస్తుంటే వత్తులు పంపండి. అన్నయ్య మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు నా ఆశీస్సులు.

పంతులుగారు పరవాలేదంటే వెంటనే రాయండి. కూడదంటే మాత్రం రాయకండి.

మీ హైమావతి