జలవీరుడి మాటలు

సాల్మన్ బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన వీరుల జట్టు కామిక్‌లో జలవీరుడు మాత్రం ఈ నెల బతికొచ్చాడు.

చిలకలపూడిలో మన గిల్టు నగల కొట్టు అరుగు మీద, ఎప్పటిలాగే ఆదివారం మధ్యాహ్నం నేనూ, శ్రీనూ, బాబీ కూర్చున్నాం. ఒక్కో వీరుడి మాటలు ఒక్కొక్కరం పైకి చదవడం చిన్నప్పటి అలవాటే కదా. జలవీరుడు ఎప్పుడూ నీవాడే. కథలో అతను చనిపోయినప్పుడు ఆసుపత్రి మంచం మీంచి నవ్వావు, "మళ్ళీ లేపుతార్లే, చూడు" అని.

లేపారు. శ్రీను విసుక్కుంటూ లేచాడు. "చచ్చినోళ్ళందరూ తిరిగొచ్చేస్తుంటే ఇంకేం కథరా?"

"వచ్చే నెల నుంచి నన్ను పిలవకు రత్నం బావా," అంటూ బాబీ కూడా లేచి వెళ్ళిపోయాడు. వాళ్ళని తప్పుపట్టలేను. ఆ కథ నాకూ రుచించడం మానేసి చాలా కాలమైంది.

ఒక్కణ్ణే మిగిలాను. సముద్రం వైపు నుంచి గాలి వస్తోంది. అరుగు మీద ఎండ నీళ్ళలా కదులుతోంది. పుస్తకం మళ్ళీ తెరిచి నా మాటలూ, శ్రీనువీ, బాబీవీ పైకి చదివాను. జలవీరుడు నీళ్ళలోంచి లేచి నోరు తెరిచిన బొమ్మ దగ్గర ఆగాను.

గాలికి పేజీ తిరగబోయింది. నువ్వింకా చదవలేదని వేలు అడ్డం పెట్టాను.

నీ రత్నం