చివరి వరుసలోని ఖాళీలు

ప్రియమైన వదినకు,

ఫోన్లో చెప్పబోయి నీళ్లు నమిలాను. అందుకే ఈ ఉత్తరం.

కెర్నెల్లో, అదే యంత్రాన్ని లోపలినుంచి నడిపే మూల ప్రోగ్రాములో, ఒక చిన్న ఫంక్షన్‌ను వేగంగా నడిచేలా చెయ్యమని నాకు అప్పగించారు. నువ్వు ఈ పని వదిలి బళ్లో లెక్కలు చెప్పబట్టి పన్నెండేళ్లయింది కదా, మళ్లీ చెబుతాను. బిట్ల పట్టికలో ఒకటి ఉంటే ఆ గడి నిండినట్టు, సున్నా ఉంటే ఖాళీ. మొదటి ఖాళీ ఎక్కడుందో వెతికి చెప్పడమే దాని పని. సెకనుకు లక్షసార్లు పిలిచినా పలకాలి. పాతది అరవై నాలుగు గడుల వరుసను సగాలుగా చీల్చుకుంటూ వెతుకుతుంది. ఇప్పటి ప్రాసెసర్లు ఆ చోటును ఒక్క ఆజ్ఞతో చెప్పేస్తాయి. అది వాడాను, చివర్లో జవాబును సరిచూసే ఒక పోలికను కూడా తీసేశాను. సమయం సగానికి తగ్గింది. మా లీడరేమో "ఇంకా నానుస్తావేంటయ్యా, పంపించెయ్" అంటున్నాడు.

కానీ ఆ ఫైలు పైన అన్నయ్య పేరుంది. అన్నయ్య పోయి రెండేళ్లే అయింది. ఆయన రాసిన వరుసల్ని నా చేత్తో చెరపాలంటే మనసొప్పడం లేదు. పాతదీ కొత్తదీ అచ్చుతీసి జతచేశాను. నువ్వు సరేనంటేనే పంపుతాను.

నీ మరిది

*

ప్రియమైన చంటికి,

నెత్తిన వెంట్రుకలు నెరిసినా నాకు నువ్వు చంటివే, ఏం చేస్తాం!

మీ అన్నయ్య ఉంటే "ఇన్నేళ్లుగా ఆ పాతదాన్నే మోస్తున్నారా?" అని పగలబడి నవ్వేవాడు. పేరు గురించి బెంగపెట్టుకోకు. నీ వెతుకులాట ముచ్చటగా ఉంది, నేను రెండుసార్లు చదివాను.

కాకపోతే చివరి పోలికను ఎందుకు తీసేశావు? వచ్చిన జవాబు పట్టిక పరిమాణాన్ని మించితే ఆ పరిమాణాన్నే తిరిగివ్వమని, అంటే ఖాళీ లేదనమని, చెప్పేది. దాన్ని ఉంచరాదూ? ఈ కాలపు సంగతులు నాకంతగా తెలియవులే, ఊరికే అడిగాను.

ప్రేమతో, వదిన

*

ప్రియమైన వదినకు,

ఆ పోలిక దండగ వదినా. ఇక్కడ మా పట్టికలన్నీ అరవై నాలుగేసి గడుల నిండు వరుసలే. పదివేల పరీక్షలు పెడితే ఒక్కసారి కూడా దాని అవసరం పడలేదు. నువ్వు ఈ పని వదిలి చాలా కాలమైంది కదా, ఏమీ అనుకోకు. నిన్న పంపించేశాను. ఆఫీసులో అందరూ భుజం తట్టారు.

నీ మరిది

*

ప్రియమైన వదినకు,

మూడు నెలలుగా నీ జవాబు లేదు. తీరిక లేదేమో అనుకున్నాను. ఇప్పుడు నాకే రాయడానికి ముఖం చెల్లడం లేదు.

ఒక ఆసుపత్రిలో రోగి నాడిని చూపించే పెట్టెలో మా కొత్త కెర్నెల్ వేశారు. దాని పట్టికలో గడులు వందే. మొదటి వరుసలో అరవై నాలుగు, రెండోదానిలో ముప్పై ఆరు. ఆపైన మిగిలిన ఇరవై ఎనిమిదీ ఎవరివీ కావు. వందా నిండాక "ఖాళీ లేదు" అనాల్సిన నా ఫంక్షన్, ఆ లేని గడిని చూపించి "ఇదిగో ఖాళీ" అంది. పెట్టె అక్కడ రాయబోయి పక్క సమాచారాన్ని తుడిచేసింది. తెర మీద అంకె డెబ్బై రెండు దగ్గర బిగుసుకుపోయింది.

ఒక నర్సమ్మ "ఇంతసేపు అంకె కదలదేంటి?" అని చేత్తో నాడి పట్టి చూసింది. పెద్దాయన నాడి పడిపోతోంది. డాక్టర్లు పరుగున వచ్చారు, బతికాడు. ఆవిడకు అనుమానం రాకపోయుంటే? అప్పటినుంచీ నాకు తిండి సయించడం లేదు.

తప్పు నాదేనని అందరిముందూ చెప్పాను. ఆ పెట్టెల్లో పాత కెర్నెల్నే మళ్లీ వేశారు. అన్నయ్య ఆ పోలికను ఎందుకు పెట్టాడో ఒక్క క్షణం ఆలోచించలేదు. సరిదిద్దమంటే చేతులాడటం లేదు.

నీ మరిది

*

ప్రియమైన చంటికి,

ముందు లేచి ఏదైనా తిను. తిన్నాకే మిగతాది చదువు.

ఆ పోలిక మీ అన్నయ్యది కాదు, నాది. అప్పట్లో ఆయనా నీలాగే "దండగ" అన్నాడు. నేను చిన్న పట్టిక ఒకటి గీసి, చివరి వరుసలో తప్పు చూపించాను. ఆయన కుర్చీ ఖాళీ చేసి, "నువ్వే రాయి, నీ పేరు కూడా పెట్టు" అన్నాడు. "ఇంటికి ఒక పేరు చాల్లెండి" అన్నాను. అది నా మంచితనమని ఆయన చివరిదాకా అనుకున్నాడు. నిజానికి భయం. రేపు తప్పని తేలితే నా మీదికి రాకూడదని.

నీకు రాసినప్పుడు కూడా అంతే. "ఇది నాది, ఇందుకు పెట్టాను" అని ఒక్క ముక్క రాయాల్సింది పోయి, "ఉంచరాదూ" అని నసిగాను. నువ్వు అన్న మాటకు ఉక్రోషం వచ్చి మూడు నెలలు బిగదీసుకు కూర్చున్నాను. ఆ పెద్దాయన విషయంలో తప్పు నీ ఒక్కడిదే కాదు.

నీ ఉత్తరం అందగానే బడికి సెలవు పెట్టాను. పోలిక ఉన్నా నీ వేగం ఎక్కడికీ పోలేదు, కొలిచి చూశాను. దాన్ని తిరిగి పెట్టి, ఎందుకు పెట్టానో దానిపైన నాలుగు వాక్యాలు రాశాను. ఒకటి నుంచి రెండు వందల గడుల దాకా ఏ పరిమాణాన్నీ వదలకుండా పరీక్షలు జోడించాను. ఇవాళ పొద్దున కెర్నెల్ రాసే మీ అందరికీ ఒకేసారి చేరే ఈమెయిల్ జాబితాకు నా పేరుతోనే పంపాను.

పరిశీలించాల్సింది నువ్వే. వదిన కదా అని చూసీచూడనట్టు ఊరుకున్నావో, నీతో మాట్లాడను. నాలుగో వాక్యం నాకే సరిగ్గా కుదరలేదనిపిస్తోంది, అక్కడ నిలదీసి అడుగు. జవాబు ఉత్తరంలో వద్దు. అక్కడే, అందరూ చూస్తుండగా రాయి.

ప్రేమతో,
మీ వదిన