బళ్లారి వచ్చింది, ఉరవకొండ పోయింది

ఓబులేసూ,

ఇది రాయడం దండగనుకున్నాను. బతికున్నప్పుడే నా ఉత్తరాలు సగంలో మడిచి పెట్టేవాడివి, ఇప్పుడేం చదువుతావు? కానీ నువ్వు పోయి నేటికి ఏడాది. పైగా నువ్వు ఆట నేర్పిన ఉరవకొండ కాలేజీ జట్టును మన అనంతపురం ఫుట్‌బాల్ పోటీల్లోంచి తీసేశారు.

ఈసారి ఖర్చంతా టీవీల అంగడి రంగప్పది. అనంతపురానికి వానకంటే ముందు టీవీ వచ్చింది, అది వేరే కథ. బళ్లారి కాలేజీని పిలిపించింది కూడా అతనే.

"ఏమప్పా, ఉరవకొండోళ్లేం పాపం చేసినారు?" అని అడిగాను.

"ఆడ బొమ్మే పడదన్నా! టీవీలు ఎవురు కొంటారు? బళ్లారిలో అయితే కొంటారు."

ప్రతి జట్టూ తన ఊరినుంచి బిందెడు నీళ్లు తెచ్చి, ఆటకు ముందు మైదానం నడుమ దుమ్ము అణచాలని ఆనవాయితీ పెట్టింది నువ్వే. ఎంత కరువులోనూ ఎవరూ తప్పలేదు. బళ్లారివాళ్లు వట్టి చేతులతో వచ్చారు. పాపం, వాళ్లకెవరూ చెప్పలేదు.

ఇంతలో ఉరవకొండ జట్టు బిందెతో బస్సు దిగింది.

"మిమ్మల్ని ఆడనియ్యరు కదప్పా, ఎందుకొచ్చినారు?" అన్నాను.

"సారు పెట్టిన పద్ధతి తాతా. నీళ్లు పోసి పోతాం," అన్నాడు కెప్టెన్.

పోశారు. తర్వాత ఖాళీ బిందెను, వచ్చే ఏడాదికి బళ్లారోళ్లకు ఇయ్యమని, మా ఇంట్లో దించి, తిరుగు బస్సెక్కారు.