వెనక వాటాలో ఎవరుండాలి

చింతామణి,
18-11-1959

సౌభాగ్యవతి అక్కమ్మకు మునిశామప్ప వ్రాయునది. ఇక్కడ నేనూ, ఆవూ, దూడా బాగున్నాము. అక్కడ పాతపాళ్యలో అత్తమ్మకు ఆయాసం తగ్గి, నీకు రాత్రిళ్ళు కాస్త నిద్ర దొరుకుతోందని తలుస్తాను. ఇది చదివిపెట్టే మీ తమ్ముడు సీనప్పకు నా ఆశీస్సులు.

నువ్వు అడిగినవాటికి వరుసగా చెబుతాను. దూడ పెయ్యదూడ. ఆవుకు పాలు బాగానే దిగాయి. మోకాలికి నూనె రాస్తూనే ఉన్నాను. గుణం కనిపించలేదు, వాసన మాత్రం వీధి చివరిదాకా ఉంది. వీధి తలుపు గడియ బాగు చేయించాను. ఇక వెనక వాటాలో హనుమక్క వాళ్ళు కుదురుకున్నారా, వాళ్ళ పట్టుపురుగు ఎంతవరకు వచ్చింది, మన యశోద ఎట్లా ఉంది అని అడిగావు. దానికి ఒక మాటలో జవాబు రాయలేను. అందుకే ఇన్ని కాగితాలు తీసుకున్నాను.

నువ్వు అత్తమ్మ దగ్గరికి పోయిన కొత్తలో బట్లహళ్ళి లక్ష్మణప్ప వచ్చి వెనక వాటా అడిగాడు. అతని కొడుకులిద్దరూ ఇక్కడ హైస్కూల్లో చదువుతున్నారు. "మావోళ్ళు కోతులు కాదప్పా, నీ ఇంటి పెంకులు పీకేసేకి. అన్నం వాళ్ళే వండుకుంటారు. నల్లులు లేకుండా చేసియ్యి, అంతే చాలు" అన్నాడు. సరేనన్నాను.

ఆ వారంలోనే మలేరియా వాళ్ళు ఇంటింటికీ మందు కొడుతూ మన వీధికి వచ్చారు. వెనక వాటా గుమ్మంలో వాళ్ళలో ఒకడు ఆగి, "ఇది పట్టుపురుగు మేపే ఇల్లేమప్పా? అట్లయితే చెప్పు, కొట్టేదిల్లే. పురుగు సచ్చిపోతాది" అన్నాడు. "కాదు, చదువుకొనే పిల్లలకు. నల్లులుండాయి, గట్టిగా కొట్టు" అన్నాను. పెద్దగది గోడలు, దూలాలు, తలుపులు తడిసిపోయేదాకా కొట్టారు. వంటింట్లో కుండలున్నాయని అక్కడ మాత్రం వదిలేశారు.

తరువాత నీ ఉత్తరం వచ్చింది. పిల్లలకిస్తే ఇల్లు సత్రమవుతుంది, సంసారులకే ఇవ్వమని రాయించావు. మీ పక్కింటి ఆంజనప్ప కూతురు యశోద అత్తవారు కైవార దారిలో మల్బరీ తోట గుత్తకు తీసుకున్నారనీ, పురుగు మేపడానికి ఇల్లు దొరకక తిరుగుతున్నారనీ రాయించావు. పొద్దున్నే వాకిట్లో కల్లాపి పడుతుంది, సాయంత్రం దీపం ఉంటుంది అన్నావు. నాకూ అదే మేలనిపించింది. లక్ష్మణప్పకు లేదని కబురు పంపి, గోడలకు రెండు పూతలు సున్నం వేయించాను.

విజయదశమి అయినాక హనుమక్క, ఆమె కొడుకు బయ్యప్ప, కోడలు యశోద వచ్చి చేరారు. నువ్వు చెప్పినట్టే కల్లాపి పడింది, దీపం వెలిగింది. యశోద నన్ను పెద్దనాయనా అని పిలిచేది. హనుమక్క నోరు నీకు తెలుసు. ఒక సాయంత్రం నా ఎదురుగా నిలబడి, "పొద్దుగూకేలోపల నాలుగు మాటలన్నా మాట్లాడతావా మునిశామప్పా? మా పురుగు ఆకు తినే సద్దన్నా నీకంటే ఎక్కువుండాది" అంది. యశోద కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వగా నేను విన్నది ఆ ఒక్కసారే.

చిన్న పురుగును పొయ్యి వెచ్చదనం తగిలేట్టు వంటింట్లోనే పెంచారు. మూడోసారి పొర విడిచి, మూడో జ్వరం దాటి ఒళ్ళు చేసినాక తట్టలన్నీ పెద్దగదిలోకి మార్చారు. చోటు చాలక ఒక్క తట్ట వంటింట్లోనే ఉండిపోయింది. మరునాటికి పెద్దగదిలో పురుగు ఆకు ముట్టలేదు. తలలెత్తి అటూ ఇటూ ఊపుతూ, పచ్చటి నీళ్ళు కక్కుతూ, ముడుచుకొని చచ్చిపోయింది. బయ్యప్ప గంపలకెత్తుకొని పోయి తోట గట్టున పూడ్చి వచ్చాడు.

హనుమక్క కోడలి మీద పడింది. "బయటుండాల్సిన దినాల్లో దాచిపెట్టి లోపలికొచ్చినావు. మైల తగిలి పోయింది నా పంట. నీ కాళ్ళు ఇంట్లో పెట్టినప్పుడే అనుకొంటి" అని వీధంతా వినబడేట్టు అరిచింది.

"లేదత్తా, దేవుని మీద ఆన" అని యశోద ఏడ్చింది.

"దేవున్ని కూడా ముట్టినావా?" అంది హనుమక్క.

వంటింట్లోని తట్ట మాత్రం బాగుంది. ఆ తట్టకు ఆకు వేసిందీ యశోదే. అది పట్టించుకున్న వాణ్ణి నేనొక్కణ్ణే. ఆ పురుగు ఎందుకు బతికిందో, గదిలోది ఎందుకు చచ్చిందో తెలిసిన వాణ్ణీ నేనొక్కణ్ణే.

అక్కమ్మా, పొద్దుగూకితే ఆనాటి ఖర్చు రాసిగాని నేను పడుకోనని నీకు తెలుసు. సున్నం రాశాను, కూలి రాశాను. మందు సర్కారువాళ్ళు ఉచితంగా కొట్టారు కనుక రాయలేదు. రాయనిది కాబట్టి మరిచిపోయానని నీతో అనవచ్చు. అది నిజం కాదు. వాళ్ళు తట్టలు మోసుకొని గుమ్మం దాటుతుంటే ఆ మందు కొట్టినవాడి మాట నాకు గుర్తుకొచ్చింది. సున్నం కప్పేసిందిలే అనుకున్నాను. చెబితే వెళ్ళిపోతారు, ఇల్లు మళ్ళీ పాడుపడుతుంది, నీ మాట పోతుంది అనుకున్నాను. దూలాలకూ తలుపులకూ సున్నం వేయలేదన్న సంగతి తలచుకోనే లేదు. పురుగు చచ్చినాక కూడా నాలుగు రోజులు ఆ అరుపులు వింటూ ఊరకున్నాను.

అయిదో రోజు పోయి చెప్పాను. బయ్యప్ప తల వంచుకొని, "మా యమ్మ నోట మాటొచ్చేసినాదప్పా, ఇంక ఎనక్కి తీసుకోదు" అన్నాడు. హనుమక్క నమ్మలేదు. "ఆడపిల్ల ఏడిస్తే కరిగిపోయి అబద్ధాలు కట్టుకొనొచ్చినావా? మాట్లాడనోనికి ఈపొద్దు ఎన్ని మాటలొచ్చినాయే!" అంది. యశోద మూలన చీరలు మడుస్తోంది. తలెత్తకుండా, "మొదటి దినమే చెప్పింటే బాగుండును, పెద్దనాయనా" అంది. మళ్ళీ చీరలు మడవసాగింది.

రేపు పొద్దున బస్సుకు ఆమెను పుట్టింటికి పంపేస్తున్నారు. మళ్ళీ ఎప్పుడు పిలుస్తారో చెప్పలేదు.

కోడలు పోయినాక ఇదే ఇంట్లో ఇంకొక పంట మేపుతానని హనుమక్క అంటోంది. ఇక్కడే మేపితే ఆ పురుగూ చస్తుంది. అప్పుడు యశోద తప్పేమీ లేదని అందరికీ తెలుస్తుంది. కాని బయ్యప్ప తోట వదులుకొని కూలికి పోవాలి. అలా కాక వాళ్ళను ఖాళీ చేయించి లక్ష్మణప్ప పిల్లలకిస్తే, వేరేచోట వాళ్ళ పంట పండుతుంది. పండిన నాడు, ఆ పిల్ల పోయింది, పురుగు బతికింది అంటారు. ఇక ఆమెను ఎన్నటికీ పిలవరు. సంసారులా, చదివే పిల్లలా అని మనం ఎంత తేలికగా మాట్లాడుకున్నాం!

నేను వాళ్ళను ఖాళీ చేయమన్నాను. తెలిసీ ఇంకొకసారి ఆ గదిలోకి పురుగును పోనివ్వలేను. పిల్లలు వచ్చే సోమవారం చేరతారు. నువ్వు కోప్పడతావు, పడు.

ఈ కవరు నీ చేతికిచ్చింది యశోదే. లోపల ఏముందో ఆమెకు తెలియదు. ఆమెను వాకిట్లో నిలబెట్టకుండా లోపలికి పిలిచి అన్నం పెట్టు. తరువాత సీనప్పను ఆంజనప్ప ఇంటికి తీసుకొనిపో. ఎప్పుడూ నా ఉత్తరం నీకు మాత్రమే వినబడేట్టు మెల్లగా చదవమంటాను కదా, దీన్ని అలా చదవవద్దని చెప్పు. చుట్టుపక్కల ఆడవాళ్ళను కూడా పిలిచి, నా పేరుతో సహా, గట్టిగా చదవమను. అర్థం కాలేదన్న వాళ్ళకు రెండోసారి చదవమను. ఇక్కడ పంట పండిందన్న కబురు మీ ఊరు చేరకముందే అందరూ దీన్ని విని ఉండాలి.

ఇట్లు,
నీ పెనిమిటి, యశోదకు పెద్దనాయన,
మునిశామప్ప