ఐదో గురువారం ఒక్కపొద్దు

ఆదోని,
శుక్రవారం.

అమ్మకు అనిత దండాలు. నేను ఈడ బాగానే ఉన్నాను. నాయన నడుము నొప్పి తగ్గిందా? నువ్వు శెనక్కాయ చేనుకు పోతూనే ఉన్నావా? ఫోన్లో చెబితే ఏడ్చి పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. అన్నతో రెండుసార్లు చదివించుకో.

ఈడి ఎండ మన దేవనకొండ ఎండే. హాస్టల్ కిటికీ తెరిస్తే మిల్లు దూది వచ్చి పుస్తకాల మీద వాలుతుంది. చారు నీళ్ళలాగా ఉంటుంది, అయినా తింటాను. కట్టు ఎడమ చేతికే కాబట్టి చదువుకు లోటు లేదు. బాగానే ఉన్నాను.

నా షుగరు పోవాలని మంత్రాలయం స్వామికి మొక్కుకుని, తొమ్మిది గురువారాలు నన్ను ఒక్కపొద్దు ఉండమన్నావు. నాలుగు వారాలు వణుకుతూనే గడిపినాను, నీకు చెప్పలేదు. ఐదో గురువారం పొద్దున ఎప్పటిలాగే ఇన్సులిన్ సూది వేసుకుని, ఏమీ తినకుండా కాలేజీకి పోయినాను. మెట్ల మీద కళ్ళు తిరిగినాయి. పడింది మూడు మెట్లే. మణికట్టు విరిగింది.

ఇంత చిన్న దెబ్బకు ఎందుకు విరిగిందని డాక్టరు రక్తపరీక్షలు చేయించినాడు. చిన్నప్పటి నుంచి నాలాగా సూది మీద ఉండే రకం షుగరు ఉన్నవాళ్ళకు ఎముకలు పెళుసు కావచ్చంట. షుగరు అదుపులో పెట్టుకోవాలి, పాలు తాగాలి, ఎండలో నడవాలి అన్నాడు. పెళుసు అనే మాట కుండలకే అనుకునేదాన్ని. షుగరు పిల్లనని ఎనిమిదేళ్ళుగా నువ్వు నాకు పాలు ఆపినావు, ఆటలకు పంపలేదు. ప్రేమతోనే. ఆ ప్రేమ మీదే ఇప్పుడు కోపం వస్తాంది.

“సూది వేసుకుని పస్తుండమని నీకెవరు చెప్పినారు?” అని డాక్టరు గట్టిగా అడిగినాడు. అమ్మ అని చెప్పలేదు. తినేది మరిచిపోయినానన్నాను. ఆస్పత్రిలో పక్క మంచం మీది ముసలామె నవ్వింది. “ఈ కాలం పిల్లోల్లు సెల్లు మాత్రం మరిచిపోరు లేప్పా.”

ఆ సాయంత్రం ఫోన్ చేస్తే నొప్పి ఎట్లుందని నువ్వు అడగలేదు.

“మొక్కు తప్పింది పాపా. మళ్ళీ మొదటి వారం నుంచి పట్టు” అన్నావు.

అది నా వల్ల కాదమ్మా. ఈసారి పడితే చేతితోనే పోతుందని ఎవరు చెప్పగలరు? నిన్న గురువారం సూది వేసుకుని మూడు ఇడ్లీలు తిన్నాను, పాలు తాగినాను. స్వామికి దండం పెట్టి, చెప్పే తిన్నాను. నీకు చెప్పకపోతే దొంగతిండి అవుతుందని ఈ జాబు.

ఎవరైనా ఇటు వస్తే కొంచెం రాగిపిండి పంపు. నాయనకు, అవ్వకు నా దండాలు, అన్నను అడిగినానని చెప్పు. నీ దీవెన నాకు కావాలి. పస్తుంటేనే ఇస్తానంటే, అది లేకుండానే బతుకుతాను.

నీ కూతురు,
అనిత