ఫోన్‌లో అమ్మా అన్నదెవరు

పక్కింటి పిల్ల రాద్కా చేత ఫోన్‌లో నన్ను "అమ్మా" అని పిలిపించావు. నా కూతురు నెవెనాకు మూడేళ్లు నిండినా నోట మాట లేదని దాచావు. నన్ను కన్నతల్లివి, నువ్వే ఈ పని చేశావు! నీ గొంతు ఇక నమ్మను. అందుకే ఫోన్ చెయ్యకుండా రాస్తున్నాను.

ఆదివారం ఆ ఒక్క పిలుపు విని, వారమంతా కుట్టుమిషను ముందు నడుము విరిగినా ఓర్చుకునేదాన్ని. పక్క మిషను మీద కుట్టే స్తోయ్నాతో "నా కూతురికి నా ధ్యాసేనే" అని గొప్పలు పోయేదాన్ని. సెయింట్ జార్జి పండక్కి ఇంటికొస్తే నెవెనా నన్ను అలమర దగ్గరకు లాక్కెళ్లింది. అడగలేదు. వేలెత్తి చూపలేదు. నా చెయ్యి పట్టుకుని రొట్టె మీద పెట్టింది. అప్పుడే గోడ అవతల రాద్కా వాళ్లమ్మను పిలిచింది. వారం వారం నేను విన్న గొంతు!

నిలదీస్తే ఏమన్నావు? "ఫోన్ పెట్టేసి ఏడుస్తావనేగా చేశానే! దీని తాత కూడా నాలుగేళ్లకు గానీ నోరు విప్పలేదు. గొర్రె మెడ గంట విప్పి, అందులో నీళ్లు పోసి తాగించాను. రేపోమాపో గంటలా మోగుతుంది చూడు."

చిన్నపిల్లల బడి టీచరు చలికాలంలోనే నీకు చెప్పిందట, ఆలస్యం చెయ్యకుండా స్పీచ్ థెరపిస్టుకు చూపించమని. అదీ మింగేశావు. "మూగదాని అమ్మమ్మ అని ఊరంతా నన్ను అనాలా?" అన్నావు. ఊరు నీకు ముఖ్యం. బిడ్డకు గంట నీళ్లు చాలు.

దాన్ని నాతో ఇక్కడికి, నేను పనిచేసే స్మోల్యాన్ పట్నానికి తీసుకొచ్చేశాను కదా, థెరపిస్టుకు చూపించాను. మంచి మనిషి. చెవులు బాగానే ఉన్నాయని చూసి, నన్ను అడిగింది: "ఎప్పుడైనా ఒకటో రెండో మాటలు వచ్చి, తర్వాత పోయాయా? అసలు రానే లేదా?" వచ్చి పోతే వైద్యం ఒక దారి, అసలు రాకపోతే ఇంకో దారి అట. "ఫోన్‌లో అమ్మా అనేది" అనబోయి ఆగిపోయాను. నెవెనా నా ఒళ్లోనే కూర్చుని నా కోటు గుండీ తిప్పుతోంది. దాని గొంతెలా ఉంటుందో నాకు తెలియదమ్మా. కన్నదాన్ని, నాకు తెలియదు.

గురువారం మళ్లీ రమ్మంది. బుధవారం సాయంత్రం బస్సు డ్రైవరు చేతికి నీ జవాబు ఇచ్చి పంపు. ఏడుపులొద్దు, తాత కథ వద్దు. ఇన్ని ఆదివారాల్లో ఒక్క "అమ్మా" అయినా నా బిడ్డదేనా? లేదంటే లేదని రాయి, తట్టుకుంటాను. ఒక్కటైనా ఉంటే, అది ఏ ఆదివారమో రాయి.

స్టానిమిరా