నల్లరాళ్ల దీవిలో ఎండుకొమ్మ

ఆదివారం రాత్రి, ఓడ గదిలో

ఇవాళ ఓడ ఆగిన దీవంతా అగ్నిపర్వతం కక్కిన నల్లరాయే. మా పిల్లలు పొగలొచ్చే గుంట చూద్దామని పరుగెత్తితే, నాయన దారిపక్కన ఎండుకొమ్మ పట్టుకుని కూర్చుండిపోయాడు. ఉదయగిరిలో జీవితమంతా చెక్క గరిటెలు చేసిన మనిషి, అమ్మ పోయాక మళ్లీ ఉలి పట్టలేదు. ఆ కొమ్మను గోటితో గీకి వాసన చూశాడు.

“గరిటెకు బాగుండాదిరా, తీసకపోదామా?”

ఇక్కడి పుల్ల కూడా బయటికి తీసుకెళ్లకూడదని గైడ్ చెప్పింది. కొమ్మను ఉన్నచోటే పెట్టేశాడు. అమ్మ పోయినప్పటిలా మళ్లీ మూగబోతాడేమోనని భయపడ్డాను.

ఓడ ఎక్కేటప్పుడు ఆయనే అడిగాడు: “ఇంటికి పోంగానే చెక్కుతా. నున్నగా రుద్దే పనంతా మీ అమ్మదే కదా. ఇప్పుడు నువ్వు రుద్దుతావా?”

సరే నాయనా అన్నాను. గరుకు కాగితం ఎప్పుడూ పట్టి ఎరగని నా అరచేతులను ఇందాకటి నుంచి చూసుకుంటున్నాను.